డాక్టరమ్మ బావి

సరుగుడుదిబ్బ ఆసుపత్రి మెట్లు ఇక ఎక్కవద్దని డాక్టరు కామాక్షమ్మ తన అల్లుడు మాల్యాద్రిని నలుగురి ముందూ అనేసి వారం కావస్తోంది.

అన్నందుకు కారణం లేకపోలేదు. మాల్యాద్రి పంచాయతీ సమితి హెల్త్ ఇన్‌స్పెక్టరు. సరస్సు ఒడ్డున ఉన్న జాలరిపల్లె రేవుకుప్పంలో కలరా తగిలిందని వినగానే పోలీసుల్ని వెంటబెట్టుకుపోయి, అక్కడి జాలరులు తాగే ఇసుక చెలమలన్నిటినీ పూడ్పించి వచ్చాడు. జనం హడలిపోయారు. ఆసుపత్రిలో చేరితే పేరూ ఊరూ ఇన్‌స్పెక్టరుకు చేరతాయనీ, మళ్ళీ పోలీసులు దిగుతారనీ భయపడి జబ్బు మనుషుల్ని పాకల్లో దాచుకున్నారు. అలా దాచినవాళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు దక్కలేదు. ఆ కబురు తెలిసిన పూట కామాక్షమ్మ కోపం ఆపుకోలేకపోయింది. నా రోగి ఏ ఊరివాడో ఏ ఇంటివాడో నీకు ఒక్క ముక్క చెప్పను, నా వరండా ఎక్కవద్దు అంది. మాల్యాద్రి కూడా ఊరుకోలేదు. ఊళ్ళు ఏమైపోయినా మీకు మీ మంచాలు, మీ మందులు ఉంటే చాలునని అనేసి, గుడ్డసంచి భుజాన వేసుకుని బస్సు రోడ్డు పక్కన సమితి వాళ్ళు వేసిన గుడారంలోకి మకాం మార్చాడు.

ఇద్దరి మధ్యా నలిగింది ప్రమీల. ఆమె కామాక్షమ్మ కన్నబిడ్డ కాదు. ఈ ఆసుపత్రి మంచం మీదే తల్లి కన్నుమూస్తే, పొత్తిళ్ళలో ఉన్న ఆ పిల్లను తన గదిలోకి తెచ్చుకుంది కామాక్షమ్మ. పెళ్ళి మాట తలపెట్టని మనిషి తల్లి అయి కూర్చుంది. పిల్లకు నర్సు చదువు చెప్పించింది, మాల్యాద్రిని తానే వెతికి తెచ్చి పెళ్ళి చేసింది. ఇప్పుడు ఆ పిల్లే, మీ ఇద్దరిలో ఎవరు ముందు దిగివస్తే వాళ్ళతోనే నేను మాట్లాడతానని చెప్పి నోరు కట్టేసుకుంది.

కోపం కోపమే. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి వాచ్‌మన్ మస్తానయ్య చేతికి క్యారియరు ఇచ్చి గుడారానికి పంపడం కామాక్షమ్మ ఒక్క రోజూ మానలేదు. చింతచిగురు పప్పు ఒక నాడు, కొరమేను పులుసు ఒక నాడు. అడుగున మజ్జిగ గిన్నె మాత్రం తప్పదు. సాయంత్రానికి ఖాళీ క్యారియరు కడిగి తిరిగొచ్చేది, గిన్నె గిన్నెకూ బ్లీచింగ్ పౌడరు వాసన కొడుతూ. నా వంట గిన్నెల్ని కూడా వదలడా వీడు అని సణిగేది ఆమె. ప్రమీల మొహం అటు తిప్పుకుని నవ్వు దాచుకునేది.

ఆ రోజు పొద్దున్నే మాల్యాద్రి వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజాన బ్లీచింగ్ పొడి సంచి, ఇసుక కొట్టుకుపోయిన చెప్పులు. మెట్ల దగ్గర ఆగిపోయాడు.

కామాక్షమ్మ వరండాలో చేతులు కడుక్కుంటూ ఉంది. అతన్ని చూసి, చూడనట్టు ప్రమీల వైపు తిరిగింది. వచ్చినవాళ్ళను ఎండలో నిలబెట్టడం మన మర్యాద కాదని చెప్పమంది. ప్రమీల తువ్వాలు అందించి, వినపడనట్టు లోపలికి పోయింది. ఇక మధ్యవర్తి లేదు.

"ఏం?" అంది కామాక్షమ్మ.

"తెల్లారి ఒక బండి వచ్చింది గదండీ డాక్టరమ్మగారూ. ఆ ఎద్దులు మాగాణి ఎద్దులు. కుప్పం బండి కాదు" అన్నాడు మాల్యాద్రి. ఇంట్లో అత్తమ్మా అని పిలిచే మనిషి ఖాకీ తొడిగితే డాక్టరమ్మగారూ అంటాడు. ఇవాళ ఆ పిలుపులో బింకం లేదు. "ఏ ఊరో చెప్పమని అడగను. ఆ మనిషి ఈ మధ్యలో సరస్సు వైపు పోయినాడేమో అదొక్కటి కనుక్కోండి."

ఆమె అప్పటికే కనుక్కుంది. అదే ఆమెను తొలుస్తోంది కూడా. బండిలో వచ్చిన పెద్దమనిషి పద్మనాభయ్య, దొరవారిసత్రం అవతల ఒక పల్లె రైతు. చేపల మనిషి కాదు, కుప్పం దారి తొక్కినవాడు కాదు. పెరట్లో సొంత బావి, ఇంట్లో ఇంకెవరికీ జబ్బు లేదు. తెచ్చేసరికి కళ్ళు లోతుకు పోయి, చేతి చర్మం నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంది. సెలైను ఎక్కించడం మొదలుపెట్టాక ఇప్పుడిప్పుడే నాడి దొరుకుతోంది.

కామాక్షమ్మ తువ్వాలు భుజాన వేసుకుంది. తర్వాత మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా పూలకుండీ గట్టు చూపించింది. అతను కూర్చున్నాడు. కిటికీ అవతల ప్రమీల గాజులు చప్పుడు చేశాయి.

"నీకు కావలసింది నేను చెబుతాను. పోలీసులు రారు గదా?" అంది.

"నేను బతికుండగా రారు" అన్నాడు.

చెప్పింది. వార్డులో ఉన్నవాళ్ళ గురించి, ఇంటికి పోయినవాళ్ళ గురించి, ఒక్కొక్కరి సంగతీ. ఆమె మనిషిని చెబితే అతను ఆ ఇంటివాళ్ళు ఎక్కడి నీళ్ళు తాగుతారో చెప్పాడు. ఇలా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం ఇదే మొదలని కామాక్షమ్మకు ఆ క్షణంలో తట్టింది. ఇన్నాళ్ళూ ఆమె దగ్గరకు జబ్బు వచ్చేది, నీళ్ళు కనపడేవి కావు. అతనికి నీళ్ళు కనపడేవి, మనుషులు కనపడేవాళ్ళు కారు.

రోడ్డు పల్లెలో జబ్బు పడిన బడిపంతులు భార్య పంచాయతీ పంపు నీళ్ళు తాగుతుంది. ఆ పంపులో మందు తానే వేయించానన్నాడు మాల్యాద్రి. చిన్నపోలయ్య సంగతి వేరు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుని పాదం చీము పట్టి వార్డులో చేరినవాడు, కట్లు కట్టించుకుంటూ మంచం మీద ఉండగానే వాంతులు మొదలైనాయి. కుప్పం నుంచి భార్య పేరమ్మ జబ్బు మోసుకొచ్చి అంటించిందని కామాక్షమ్మ అనుకుంది. కాని పేరమ్మ మొగుణ్ణి చేర్చిన నాటి నుంచి కుప్పం మొహం చూడలేదు. మరి ఎవరు మోసుకొచ్చినట్టు?

"పద్మనాభయ్యగారు ఈ నెలలో ఊరు దాటి ఎక్కడికీ పోలేదంటారా?" అన్నాడు మాల్యాద్రి.

"పోలేదు. కూతురి పురిటికి వచ్చి ఇక్కడ..." అని ఆగిపోయింది కామాక్షమ్మ.

కూతురి పురుడు మొన్ననే ఈ ఆసుపత్రిలో అయింది. పద్మనాభయ్య బాదంచెట్టు కింద చాప వేసుకుని బిడ్డ పుట్టిందాకా ఇక్కడే పడుకున్నాడు. బడిపంతులు భార్య పసిబిడ్డకు సూది వేయించడానికి వచ్చి పూటంతా కూర్చుంది. చిన్నపోలయ్య మంచం దిగలేదు. ముగ్గురూ తిన్న తిండి వేరు, తిరిగిన చోటు వేరు. తాగిన నీళ్ళు మాత్రం ఒకటే.

పెరట్లో గిలక కిర్రుమంటోంది. ఎవరో నీళ్ళు తోడుతున్నారు.

ఆ బావి గురించి ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. సముద్రం ఒక వైపు, ఉప్పు సరస్సు ఒక వైపు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆసుపత్రి కట్టిన కొత్తలో తవ్వించిన గోతులన్నీ ఉప్పగానే పడ్డాయి. ఇక పూడ్చేద్దామనుకుంటుంటే దిబ్బ మీద సరుగుడు చెట్ల నడుమ కొబ్బరినీళ్ళలాంటి జల పడింది. ఆ వేళ జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. చుట్టుపక్కల జాలరి కుప్పాల ఆడవాళ్ళు పడవల్లో కుండలు వేసుకుని వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. డాక్టరమ్మ బావి అని పేరు పడింది. మందు కన్నా ఆ నీళ్ళకే జబ్బు నయమవుతుందనేవాళ్ళు. ఆమె నవ్వేది గాని కాదనేది కాదు.

"నా బావిలో ఏముంది?" అంది కామాక్షమ్మ. 

మాల్యాద్రి సంచి భుజాన సర్దుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఆమే ముందు నడిచింది.

బావి గట్టు శుభ్రంగానే ఉంది. దానికి కాస్త ఎగువన చాకిరేవు బండ. వెనకటి కార్తీకం వానల్లో పాత బండ కింద మట్టి కొట్టుకుపోతే, చాకలామెకు నీళ్ళు మోసే బాధ తప్పుతుందని దాన్ని బావి దాపుకు మార్పించింది తానే. మురుగు పోవడానికి సున్నంతో కాలువ కట్టించింది. కాలువ దూరంగా గుంటలోకి పోవాలి. కామాక్షమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కాలువ మీది చెక్క ఎత్తింది. బండ మీద బకెట్టు నీళ్ళు పోయమంది. మాల్యాద్రి పోశాడు. నీళ్ళు గలగలమని పారి వచ్చాయి. బావి పక్కకు వచ్చేసరికి సన్నబడి, పగిలిన సున్నం సందులోంచి ఇసుకలోకి ఇంకిపోయాయి. గుంట దాకా ఒక్క చుక్క చేరలేదు.

ఉగాది వెళ్ళిన కొత్తలో పులికాటు ఊరి నుంచి ఒక కట్టెల వ్యాపారి కలరాతో వచ్చి ఇక్కడ బతికి బయటపడ్డాడు. ఆ మనిషి దుప్పట్లు ఈ బండ మీదే ఉతికారు. అతన్ని బతికించినందుకు ఆమె ఎన్నాళ్ళో మురిసిపోయింది.

కామాక్షమ్మ చెక్క పక్కన పెట్టింది.

"మందు వేస్తానని నువ్వు అడిగినావు. రుచి చెడిపోతుందని నేనే వద్దన్నాను" అంది.

"అడిగి ఊరుకున్నాను గదా. ఇంకొకరి బావైతే అడక్కుండానే వేసేసి ఉందును. అత్తగారని మొహమాటపడినాను." మాల్యాద్రి ఆమె పక్కనే ఇసుకలో కూలబడ్డాడు. "అక్కడితో అయిపోలేదు అత్తమ్మా. కుప్పంలో చెలమలు పూడ్పించినాను. వాటిలో ఏముందో ఏమో గాని, పూడ్చిన తరవాత ఊరు ఊరంతా మీ బావికే వచ్చింది. అంతకు ముందు పదిళ్ళవాళ్ళు తాగేవాళ్ళు. నేను అందరి చేతా తాగించినాను."

ఆ మాట విని కామాక్షమ్మ అతని వైపు తిరిగింది. ఇన్ని రోజులుగా సరిగ్గా నిద్రలేని మొహం. గడ్డం మాసిపోయి ఉంది. ఈ తప్పులో తన వాటా తగ్గలేదని ఆమెకు తెలుసు. అయినా పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉండటం వల్ల కాస్త ఊపిరి ఆడింది. చెయ్యి చాచి అతని చొక్కాకు అంటిన ఇసుక దులిపింది.

ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. బావి మూయాలి. సూళ్లూరుపేట నుంచి డ్రమ్ముల్లో నీళ్ళు తెప్పిస్తానన్నాడు మాల్యాద్రి. జిల్లా ఆఫీసుకు కబురు చేస్తానన్నాడు. అంతవరకూ సులువే. ఎందుకు మూశారని జనం అడుగుతారు. దానికేం చెప్పాలన్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

"ఉన్నమాట చెబితే ఈ గడప ఇక ఎవరు తొక్కుతారు? పాకల్లో పడి చస్తారు" అంది ఆమె.

"గిలక విరిగిందని చెబుదాం. గట్టు బాగుచేస్తున్నామని చెబుదాం. కాగితం మీద ఏం రాయాలో నేను చూసుకుంటాను" అన్నాడు మాల్యాద్రి. పైసా లంచం ముట్టనివాడు, కొలత తప్పితే సొంత తమ్ముడికైనా నోటీసు ఇచ్చేవాడు. ఆమె పేరు నిలబెట్టడం కోసం ఆ మాట అన్నాడు.

కామాక్షమ్మ సరేననబోయింది. నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడే పేరమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని బావి దగ్గరకు వచ్చి చేద అందుకుంది. రాత్రంతా మొగుడి కాళ్ళు పట్టి కూర్చున్న మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూత్రం వచ్చిందమ్మా, నువ్వు చెప్పినట్టే వచ్చింది అని సంతోషంగా చెప్పింది. ఈ నీళ్ళు ఇంకా తాపమంటావా అని అడిగింది.

కామాక్షమ్మ లేచి, ఆమె చేతిలోంచి చేద తీసుకుంది. గిలక మీంచి తాడు లాగి చుట్టచుట్టి గట్టు కింద పడేసింది.

"తాడు ఎందుకమ్మా తీస్తా ఉండావు?"

"నీళ్ళు చెడినాయి పేరమ్మా. నీ మొగుడికి జబ్బు కుప్పం నుంచి రాలేదు. ఈ బావిలోంచే వచ్చింది. జబ్బు గుడ్డలు ఉతికిన నీళ్ళు లోపలికి దిగినాయి. నేను చూసుకోలేదు."

పేరమ్మ బావిలోకి తొంగిచూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

"నేనే గదమ్మా తాపింది" అంది.

"నువ్వు కాదు. తియ్యటి నీళ్ళని చెప్పి ఇచ్చింది నేను."

పేరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఖాళీ బిందె గట్టు మీద బోర్లించింది. ఆ కాసేపూ కామాక్షమ్మ తల ఎత్తలేకపోయింది. చివరికి పేరమ్మ అన్న మాట వేరే ఉంది. ఈ పొద్దు రేవుకుప్పంలో మునెయ్య కూతురి పెళ్ళి. కోడి కూసే వేళకే కుప్పం పడవలొచ్చి బానల్లో నీళ్ళు పట్టుకుపోయినాయి. పెళ్ళివంట డాక్టరమ్మ నీళ్ళతోనే అని మునెయ్య పట్టుబట్టినాడు. చుట్టుపక్కల కుప్పాలన్నీ అక్కడికే చేరతాయి.

మాల్యాద్రి అప్పటికే రేవు వైపు రెండడుగులు వేసి ఆగాడు. ఆ పల్లెలో అతన్ని పడవ దిగనివ్వరని ముగ్గురికీ తెలుసు. కామాక్షమ్మ సంగతీ ముగ్గురికీ తెలుసు. ఆసుపత్రి పెట్టిన నాటి నుంచి ఆమె ఒక్క పల్లెకూ పోలేదు. వైద్యం కావాలంటే గడప ఎక్కి రావాలి, డాక్టరు ఊళ్ళు తిరిగితే వార్డు ఎవరు చూస్తారనేది ఆమె పట్టుదల.

"ప్రమీలా" అని పిలిచింది. వార్డు నువ్వు చూసుకో, పద్మనాభయ్యగారి సీసా అయిపోకముందే ఇంకొకటి ఎక్కించు, చిన్నపోలయ్యకు కాచిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి గుక్కగుక్కగా పట్టు, మస్తానయ్యను బావి దగ్గర కాపలా పెట్టు అని గబగబా చెప్పింది. ప్రమీల అన్నిటికీ తలూపి, లోపలికి పరుగెత్తి ఇద్దరి గొడుగులూ తెచ్చింది. ఒకటి తల్లి చేతికిచ్చింది. రెండోది భర్తకిస్తూ వారం తర్వాత నోరు విప్పింది.

"ఆమెకు పడవ పడదు. పక్కనే కూర్చో" అంది.

పడవ గెడ పేరమ్మే వేసింది. సరస్సులో నీళ్ళు మోకాటి లోతుకు మించి లేవు. పడవ అడుగు అక్కడక్కడ ఇసుకను రాస్తోంది. కొంగలు లేచి పోతున్నాయి. కామాక్షమ్మ రెండు చేతులా అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఏమని చెప్పాలో మనసులో మాటలు కూర్చుకోబోతే ఒక్కటీ నిలవడం లేదు. గిలక విరిగిందన్న మాట ఇంకా ఎక్కడో లోపల ఊరిస్తూనే ఉంది. పేరమ్మ వీపు చూస్తుంటే ఆ మాట చిన్నబోతోంది.

కొంత దూరం పోయాక పేరమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఆయన బతుకుతాడు గదమ్మా?"

"బతుకుతాడు. ఇప్పుడు గండం లేదు."

"అయితే చాలు" అంది పేరమ్మ. గెడ మళ్ళీ నీళ్ళలో దిగింది.

రేవుకుప్పంలో ఒడ్డునే పందిరి వేశారు. కొబ్బరాకులు, మామిడి తోరణాలు. ఇటు పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిసాలు. దూరంగా సరస్సు మీద సన్నాయి, డోలు వినిపిస్తున్నాయి. పెళ్ళికొడుకు వాళ్ళ పడవలు అవతలి ఒడ్డు నుంచి బయలుదేరినట్టున్నాయి.

ఖాకీ చొక్కా కనపడగానే మునెయ్య ఒడ్డుకు వచ్చేశాడు. కొత్త పంచె, భుజాన ఎర్ర కండువా. వెనకాల పదిమంది మగవాళ్ళు. అరవలేదు గాని, ఆ మనిషి దిగేదానికి వీల్లేదని మెల్లగా చెప్పాడు. పెళ్ళి పూట పోలీసుల మొహం చూడదలుచుకోలేదన్నాడు. అంతలో గొడుగు కింద ఉన్నదెవరో చూసి గుర్తుపట్టాడు. అతని మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ తన బిడ్డ పెళ్ళికి వచ్చిందనుకున్నాడు. పీట తెమ్మని లోపలికి కేక వేశాడు. ఆడవాళ్ళు పసుపు చేతులతో పరుగెత్తుకొచ్చారు.

ఆ సంతోషం చూడటం కామాక్షమ్మకు అన్నిటికన్నా కష్టమైంది. పీట మీద కూర్చుంటే ఇక చెప్పలేనని ఆమెకు తెలుసు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి పడవలోంచి నీళ్ళలోకే దిగింది. అక్కడే నిలబడింది.

"మునెయ్యా, పొద్దున తెచ్చిన నీళ్ళు ఎవరన్నా తాగినారా?"

ఇంకా లేదన్నాడు. పెళ్ళివాళ్ళు దిగినాకనే తీద్దామని మూతలు కట్టి పెట్టినారు. వంటకు మాత్రం ఎసరు పోసినారు.

"ఆ నీళ్ళు పారబోయండి. నా బావిలో కలరా కలిసింది. మీ చెలమలది కాదు తప్పు, మీది కాదు. నా బావిది. ఈ ఊళ్ళో పడినవాళ్ళు నా నీళ్ళు తాగే పడినారు."

ఒడ్డున ఎవరూ కదల్లేదు. దాచిపెట్టిన ముసలివాళ్ళు పోయిన ఇళ్ళవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో, మరి మా మీదకు పోలీసులు ఎందుకొచ్చినట్టు అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మాల్యాద్రి. అతను కూడా నీళ్ళలోకి దిగి ఆమె పక్కన నిలబడ్డాడు. తొందరపడ్డాననీ, మనుషుల్ని అడగకుండా చెలమలు పూడ్పించడం తప్పేననీ చెప్పాడు. ఆమె దగ్గరకు పోయి కనుక్కుని ఉంటే ఇంతదూరం వచ్చేది కాదన్నాడు. నేను చెప్పనన్నానని ఆమె అడ్డుపడింది.

మునెయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇన్‌స్పెక్టరును తిట్టడానికి దాచుకున్న మాటలు అతని దగ్గర చాలానే ఉన్నాయి. అవన్నీ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"నీళ్ళలో నిలబడి చెప్పేదేందమ్మా. ఒడ్డుకు రా" అన్నాడు. తర్వాత మాల్యాద్రి వైపు చూడకుండా, "నువ్వూ రా సామీ" అన్నాడు.

బానలు పారబోశారు. ఎసర్లు పారబోశారు. కొందరు ఆడవాళ్ళు అంత తియ్యటి నీళ్ళు ఇసుకలో పోస్తుంటే చూడలేకపోయారు. పెళ్ళివాళ్ళు వచ్చే వేళకు గుక్కెడు నీళ్ళు లేకుండా పోయాయి. మాల్యాద్రి చొక్కా విప్పి పడవ మీద పడేసి, పార అడిగాడు. తాను పూడ్పించిన చెలమ దగ్గరకు పోయి తానే తవ్వడం మొదలుపెట్టాడు. కుప్పంవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. పొడి ఇసుక తవ్వినకొద్దీ జారి మళ్ళీ పూడిపోతోంది. అది ఎంతసేపు చూడగలరు? గట్లు అట్టా కాదు నిలపడం, ఇటు వాలుగా తియ్యాలని ఒకడు దిగాడు. వాడి వెనక ఇంకొకడు. కాసేపటికి మునెయ్య కొత్త పంచె మోకాళ్ళ పైకి బిగించాడు.

అడుగున నీళ్ళు ఊరాయి. మాల్యాద్రి సంచిలోంచి పొడి తీసి బొక్కెనలో కలిపాడు. చేత్తో కొలిచి చూసి, కామాక్షమ్మకు చూపించాడు. ఆమె తలూపింది. అప్పుడప్పుడే తాగకూడదనీ, కాసేపు తేరనివ్వాలనీ, వంటకైనా సరే మసలకాచాలనీ ఇద్దరూ కలిసి ఆడవాళ్ళకు చెప్పారు. ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు మధ్యలో అందుకుంటున్నారు. ఇదేం వాసన తల్లీ అని ముక్కు మూసుకున్నారు ఆడవాళ్ళు.

కామాక్షమ్మ చెంబు అందుకుంది. ఈ వాసన గురించి ఆమె అన్నన్ని మాటలు ఈ జిల్లాలో ఎవరూ అని ఉండరు. తేరిన నీళ్ళు పైపైన ముంచి, మొహం ఏమాత్రం మారకుండా చెంబెడూ తాగేసింది. మాల్యాద్రి తల వంచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని ఆమెకు తెలుసు.

"బాగున్నాయి" అంది గంభీరంగా. మునెయ్య భార్య ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు.

కొత్త ఎసర్లు పొయ్యెక్కాయి. కామాక్షమ్మ పీట మీద కూర్చుంది. పెళ్ళికూతురు వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఎన్ని ఇళ్ళల్లో జబ్బు మనుషులున్నారో చూపిస్తామని ఆ ఊరివాళ్ళే ముందుకొచ్చారు. మొదట ఏ పాకకు పోవాలో మాల్యాద్రీ ఆమే తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. పోయేముందు ఇంకొక్కసారి అడిగి చూసుకుందామని కామాక్షమ్మ మునెయ్యను పిలిచింది. ఆసుపత్రి నీళ్ళు ఒక్క చుక్క కూడా మిగల్లేదు గదా అంది.

లేదన్నాడు మునెయ్య. వచ్చిన బానలన్నీ ఒలకబోయించానన్నాడు.

"మరి పానకం బానల మాటేంది?" అంది అతని భార్య.

పెళ్ళికొడుకు పడవలకు నీళ్ళ మధ్యలోనే ఎదురుపోయి పానకం ఇవ్వడం ఆ కుప్పాల ఆనవాయితీ. బెల్లం, మిరియాలు వేసి పొద్దున నీళ్ళు రాగానే కలిపారు. వియ్యాలవారికి ఇచ్చేదని డాక్టరమ్మ నీళ్ళతోనే కలిపారు. బానలెత్తుకుని ఎదురుకోలు పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది.

మునెయ్య ఒడ్డుకు పరుగెత్తాడు. అందరూ సరస్సు వైపు తిరిగారు. ఎండలో మెరుస్తున్న నీళ్ళ మీద, అరుపు అందనంత దూరంలో, పూలదండలు కట్టిన తెరచాపలు గుంపుగా కనపడుతున్నాయి. వాటికి ఎదురుగా ఒంటి పడవ ఒకటి దగ్గరవుతోంది. పేరమ్మ గెడ అందుకుని పరుగెత్తింది. మాల్యాద్రి ఆమె వెనకే నీళ్ళలోకి దూకాడు. కామాక్షమ్మ గొడుగు పారేసి పడవ అంచు పట్టుకుంది.

అప్పటిదాకా వినిపిస్తున్న సన్నాయి ఆగిపోయింది. డోలు ఆగిపోయింది. పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచాయి.

పానకం పంచుతున్నారు.